చెవులు మూసుకున్న పిల్లవాడు ఏం వింటున్నాడు?

తెలుగు సినిమా సమీక్షల్లో ఒక మాట ఎప్పటికీ పాతబడదు: "ఆ పాత్రలో జీవించాడు." హీరో మామూలు మనిషిగా కనిపించినంతసేపూ ఈ మాట అంత సులువుగా రాదు. మెడ ఓ పక్కకు వాల్చి, చూపు ఎక్కడో నిలిపి, వేళ్లు ఆడిస్తూ, మాట తడబడుతూ నటించాడంటే మాత్రం మొదటి పేరాలోనే దిగిపోతుంది. దాని వెనకాలే "అవార్డు ఖాయం" అనే జోస్యం. మెదడు వేరే తీరులో పనిచేసే మనిషి తెర మీదకు రాగానే సమీక్షకుడి కన్ను అతని ఒంటి మీదకు పోతుంది, అక్కడే ఆగిపోతుంది. ఆ మనిషి చెవికి లోకం ఎలా వినిపిస్తోంది, దాన్ని ఆ సినిమా మనకు వినిపించిందా అన్న ప్రశ్న ఎక్కడా కనబడదు. సంగీతానికి కింద ఇంకో పేరా ఉంటుంది: పాటలు పర్వాలేదు, బీజీఎం అదిరింది. ఈ రెండు పేరాలూ ఒకదాన్నొకటి పలకరించుకోవు.

పలకరించుకుంటే తప్ప ఈ రకం సినిమాలు అంతుపట్టవు. కెమెరా ఎంత దగ్గరికెళ్లినా మనిషి ముఖం దగ్గర ఆగాల్సిందే. శబ్దానికి ఆ అడ్డు లేదు. ఫ్యాను చప్పుడు మనకు వినిపించదు, మెదడు దాన్ని పక్కకు నెట్టేస్తుంది. ఆటిజం ఉన్న చాలామందికి ఆ చప్పుడూ, పక్కగదిలో కుక్కర్ విజిలూ, ఎదురుగా అమ్మ మాటా ఒకే ఎత్తులో వచ్చి మీద పడతాయి. ఆ అనుభవాన్ని నటుడు చెవులు మూసుకుని చూపిస్తే మనకు తెలిసేది చెవులు మూసుకున్న సంగతే. సౌండ్ ఇంజినీరు తలచుకుంటే లోపల ఏం జరుగుతోందో కూడా తెలుస్తుంది.

న్యూరోడైవర్సిటీ అనే మాట 1990ల చివర్లో పుట్టింది. ఆటిజం ఉన్నవాళ్లు ఇంటర్నెట్ పుణ్యమా అని ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మొదలుపెట్టిన రోజులవి. 1998లో హార్వీ బ్లూమ్ అమెరికా పత్రిక ది అట్లాంటిక్‌లో ఈ మాట వాడారు. అదే ఏడాది ఆస్ట్రేలియాలో జూడీ సింగర్ తన పరిశోధనా వ్యాసంలో రాశారు. మనుషుల మెదళ్లు రకరకాలుగా ఉంటాయి, ఆటిజం, డిస్లెక్సియా (చదవడం, రాయడంలో ఇబ్బంది), ఏడీహెచ్‌డీ (ధ్యాస ఒకచోట నిలవకపోవడం) లాంటివి ఆ రకాల్లో కొన్ని అని దీని సారం. తెలుగులో నాడీ వైవిధ్యం అని కొందరు రాస్తున్నారు గానీ ఆ మాట ఇంకా నోట్లో నానలేదు. మన నోట్లో నానినవి వేరే ఉన్నాయి: మొద్దబ్బాయి, తిక్కోడు, వెర్రిబాగులోడు, కాస్త దయ పుడితే 'పాపం అమాయకుడు'. చట్టం మనకంటే ముందు నడిచింది. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండగా, 2016 చట్టం వాటిని 21 చేసి ఆటిజాన్నీ, చదువులో ఎదురయ్యే ప్రత్యేక ఇబ్బందులనూ చేర్చింది.

ప్రపంచానికి ఆటిజం అనే పేరును ఇంటింటికీ చేర్చిన సినిమా 1988 నాటి రెయిన్ మ్యాన్. బ్యారీ లెవిన్‌సన్ దర్శకుడు, డస్టిన్ హాఫ్‌మన్ ఆటిజం ఉన్న రేమండ్‌గా చేశారు. ఉత్తమ చిత్రంతో సహా నాలుగు ఆస్కార్లు వచ్చాయి. ఈ కథకు బీజం కిమ్ పీక్ అనే అసలు మనిషి. అతను వేలాది పుస్తకాలు చదివి గుర్తుపెట్టుకున్నవాడు, మెదడులోని రెండు సగాలనూ కలిపే నాడుల వంతెన లేకుండా పుట్టినవాడు. కథ రాసిన బ్యారీ మారో అతన్ని కలిసిన తర్వాతే ఈ సినిమా పుట్టింది. తనకొచ్చిన ఆస్కార్ బొమ్మను మారో అతనికే ఇస్తే, ఊరూరా తిరిగి జనం చేత పట్టించాడట కిమ్. తమాషా ఏమిటంటే, కిమ్ పీక్‌కు ఉన్నది ఆటిజం కాదని తర్వాత వైద్యులు తేల్చారు. అతని జ్ఞాపకశక్తినీ ఆటిజాన్నీ కలిపి కుట్టింది సినిమావాళ్లే. ఆ కుట్టు ఇప్పటికీ ఊడలేదు. పిల్లాడికి ఆటిజం అని చెప్పగానే "అయితే లెక్కలు బాగా చేస్తాడా?" అని అడిగే బంధువు అమెరికాలోనూ ఉంటాడు, అమలాపురంలోనూ ఉంటాడు. అలాంటి అసాధారణ శక్తి ఉండేది కొద్దిమందికే.

ఆ సినిమాలో చెవికి సంబంధించిన ముచ్చట వేరే ఉంది. సంగీతం హాన్స్ జిమ్మర్‌ది, మొదటిసారి ఆస్కార్ నామినేషన్ తెచ్చిపెట్టింది కూడా ఇదే. అన్నదమ్ములిద్దరూ కారులో అమెరికాకు అడ్డంగా ప్రయాణించే కథ కాబట్టి గిటారో, వయొలిన్ల గుంపో పెట్టడం రివాజు. జిమ్మర్ ఆ రెండూ వద్దనుకున్నారు. రేమండ్‌కు ఈ లోకం అంగారక గ్రహమంత పరాయిది, కాబట్టి ఎక్కడా లేని దేశానికి జానపద సంగీతం చేసినట్టు చేద్దామనుకున్నానని ఆయన తర్వాత వివరించారు. సింథసైజర్ మీద కట్టిన ఆ బాణీల్లో ఏడుపు లేదు, జాలి చూపమని చెయ్యి చాచడమూ లేదు. 1988లో అది చిన్న సంగతి కాదు. అయినా అంగారకుడు అంగారకుడే. రేమండ్ దూరం నుంచి వచ్చినవాడన్న భావన ఆ బాణీల్లో ఉండిపోయింది. ఇంట్లో పొగకు అలారం మోగి రేమండ్ హడలిపోయే సన్నివేశం చూడండి. మనకు వినిపించేది మామూలు అలారమే. అతన్ని అంతగా వణికించినది ఏమిటో మన చెవిదాకా రాదు. అతన్ని చూసి కంగారుపడే తమ్ముడి చెవితోనే మనం వింటాం.

ఇంచుమించు అదే కాలంలో, ఇంకా రెండేళ్ల ముందే, తెలుగులో స్వాతిముత్యం వచ్చింది. కె. విశ్వనాథ్ దర్శకత్వం, కమల్ హాసన్ శివయ్య, ఇళయరాజా సంగీతం. మన దేశం తరఫున ఆస్కార్ పోటీకి వెళ్లిన సినిమా. శివయ్యకు ఏముందో అందులో ఏ డాక్టరూ పేరు పెట్టడు. అవసరం కూడా లేదనుకున్నారు, అమాయకుడంటే మనకు అర్థమైపోతుంది. ఈ సినిమాను ఇప్పుడు మళ్లీ చూస్తే రెండు విషయాలు ఒకదానికొకటి అడ్డం పడుతూ కనిపిస్తాయి.

మొదటిది, అందరికీ ప్రాణమైన లాలిపాట. వటపత్రసాయి అంటే మర్రాకు మీద పడుకున్న చిన్ని కృష్ణుడు. పి. సుశీల గొంతులో ఆ పాట వింటే ఎంత గట్టివాడికైనా గుండె కరుగుతుంది, అందులో వాదన లేదు. కానీ కథ మొత్తానికి లాలిపాట గుండెకాయగా నిలబడినప్పుడు ఎదిగిన మగవాడు పసివాడైపోతాడు, మన దగ్గర పసివాడంటే దేవుడితో సమానం. ఇక అతనికి కోపం, కోరిక, విసుగు ఉండటానికి చోటుండదు. సీతారాముల కల్యాణంలో శివయ్య వితంతువైన లలిత మెడలో తాళి కట్టేస్తాడు. పురాణం వైపు నుంచి చూస్తే దైవ సంకల్పం. మామూలు కళ్లతో చూస్తే ఇద్దరిలో ఒకరికి తానేం చేస్తున్నాడో పూర్తిగా తెలియదు, ఇంకొకరిని ఎవరూ అడగలేదు. వితంతు వివాహం మీద ధైర్యంగా మాట్లాడిన సినిమా, ఆ ధైర్యం చేసే పనిని అమాయకుడి చేతికి అప్పగించింది. తెలిసినవాడు కడితే తప్పనే ఊరు తెలియనివాడు కడితే సర్దుకుంటుందన్నది అందులోని లౌక్యం.

రెండోది దీనికి పూర్తిగా ఎదురు నడుస్తుంది. రెయిన్ మ్యాన్ చివర్లో రేమండ్ రైలెక్కి తాను ఉండే సంస్థకు తిరిగి వెళ్లిపోతాడు. తమ్ముడు చేతులూపుతాడు. శివయ్య ఎక్కడికీ పోడు. పని వెతుక్కుంటాడు, సంసారం చేస్తాడు, పిల్లవాణ్ని పెంచుతాడు, మనవలను చూస్తాడు, ముసలివాడవుతాడు. నిర్మలమ్మ చేసిన నాయనమ్మ పాత్ర దగ్గర్నుంచి ఊళ్లోవాళ్ల దాకా అతని చుట్టూ మనుషులుంటారు, తిడతారు, వాడుకుంటారు, ఆదుకుంటారు. హాలీవుడ్ రేమండ్‌కు జబ్బు పేరు ఇచ్చి ఇల్లు ఇవ్వలేదు. విశ్వనాథ్ శివయ్యకు ఇల్లు ఇచ్చి పేరు ఇవ్వలేదు. 'సువ్వి సువ్వి' పాటలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం శివయ్య అమాయకత్వాన్ని గొంతులోకి తెచ్చుకుని జానకితో పాటు పాడారు. ఆ కాసేపూ శివయ్య మన జాలికి వస్తువుగా ఉండడు, పాటలో సగం వాటాదారు. సినిమా అంతా ఆ లెక్కన నడిచి ఉంటే ఎలా ఉండేదో అనిపిస్తుంది.

జాలి దాటితే మనకు మిగిలింది నవ్వు. మారుతి దర్శకత్వంలో 2017లో వచ్చిన మహానుభావుడులో శర్వానంద్‌కు ఓసీడీ. అంటే చేతులు కడుక్కోవడం, మురికంటే పారిపోవడం, తుమ్మినవాడిని చూసి హడలిపోవడం. ఓసీడీలో అసలు నరకం బయటికి కనబడే కడుగుళ్లు కాదు, వద్దన్నా తలలో తిరిగే ఆలోచన. ఆ ఆలోచన ఆగాలంటే చేసి తీరాలనిపించే పని, చేసినా తీరని టెన్షన్. దాన్ని చూపితే నవ్వు రాదు కనుక చూపలేదు. ఇలాంటి సినిమాల్లో నేపథ్య సంగీతం ఏ పక్షమో చెప్పనక్కర్లేదు. హీరో వణికిన ప్రతిసారీ కితకితలు పెట్టే వాయిద్యం ఒకటి మోగుతుంది. హాలంతా నవ్వుతుంది, ఆ జబ్బు ఉన్న మనిషి కూడా పక్కవాళ్లతో కలిసి నవ్వేసి ఇంటికి వెళ్లి తలుపు గడియ పద్దెనిమిదోసారి చూసుకుంటాడు.

లోపలి నుంచి చూపించే పని మన దేశంలో గట్టిగా మొదలుపెట్టింది 2007 నాటి తారే జమీన్ పర్. అమోల్ గుప్తే రచన, ఆమిర్ ఖాన్ దర్శకత్వం, డిస్లెక్సియా ఉన్న ఇషాన్ కథ. పరీక్ష కాగితంలో మూడు తొమ్మిదులెంత అన్న ప్రశ్న దగ్గర ఆ కుర్రాడి తల లోపలికి వెళ్తాం. మూడోదైన భూగోళాన్ని లాక్కెళ్లి తొమ్మిదోదైన ప్లూటోకు గుద్దిస్తాడు. ప్లూటో పగిలిపోతుంది, భూమి మిగులుతుంది. కాబట్టి జవాబు మూడు! మాస్టారికది సున్నా, మనకు మాత్రం ఆ ఒక్క నిమిషంలో ఇషాన్ మొద్దు కాదని, అతని తర్కం వేరని ఒంటికి తెలుస్తుంది. వెయ్యి ఉపన్యాసాలు చేయలేని పని అది. ఉపన్యాసాలు కూడా తర్వాత వస్తాయి లెండి: ఐన్‌స్టీన్, ఎడిసన్, లియొనార్డో అంటూ నికుంభ్ మాస్టారు జాబితా చదువుతారు. చివరికి ఇషాన్ బొమ్మల పోటీలో గెలుస్తాడు, అప్పుడు అందరికళ్లూ తడుస్తాయి. గెలవకపోతే? బొమ్మలూ రాని, లెక్కలూ రాని ఇషాన్‌ల సంగతేమిటి? రెయిన్ మ్యాన్ కుట్టిన కుట్టే ఇక్కడ కుంచె రూపంలో వచ్చింది. ఏదో ఒక అద్భుత శక్తి చూపిస్తేనే లోపలికి రానిస్తామన్న షరతు అది.

సంగీతం, సినిమా, ఆటిజం మూడూ నేరుగా ఢీకొన్న సందర్భం 2021లో వచ్చింది. ఆస్ట్రేలియా గాయని సియా తీసిన ఆ చిత్రం పేరే మ్యూజిక్. మాటలు పెద్దగా రాని ఆటిజం అమ్మాయి, చెవులకు ఎప్పుడూ హెడ్‌ఫోన్లు. ఆమె తల లోపలి ప్రపంచాన్ని పాటలుగా చూపించాలన్నది ఆలోచన. ఆలోచన మంచిదే. ట్రైలర్ రాగానే ఆటిజం ఉన్న ప్రేక్షకుల నుంచే అభ్యంతరాలు వెల్లువెత్తాయి. ఆ పాత్రకు ఆటిజం లేని డాన్సర్ మ్యాడీ జీగ్లర్‌ను తీసుకున్నారు. అంతకంటే సూటి అభ్యంతరం పాటల మీద: కళ్లు జిగేల్‌మనే రంగులు, మెరుపులు, వేగంగా తెగే షాట్లు. శబ్దం తగ్గించుకోవడానికి హెడ్‌ఫోన్లు పెట్టుకున్న అమ్మాయి గురించిన సినిమాను హెడ్‌ఫోన్లు పెట్టుకునే మనుషులే కూర్చుని చూడలేకపోయారు. ఇంకా తీవ్రమైన విషయం, అమ్మాయి గాభరా పడినప్పుడు ఆమెను బోర్లా పడేసి మీద పడి అణచిపెట్టడాన్ని ప్రేమగా చూపించడం. అలా అణచిపెట్టడం వల్ల ఊపిరాడక ప్రాణాలు పోయిన సంఘటనలు ఉన్నాయి. సియా క్షమాపణ చెప్పి, ఆ సన్నివేశాలు తీసేస్తామన్నారు. ఇంత గొడవలోనూ గోల్డెన్ గ్లోబ్‌లో రెండు నామినేషన్లు వచ్చాయి. విమర్శకులకూ అవార్డుల కమిటీలకూ ఎన్ని వేర్వేరు చెవులున్నాయో దీన్ని బట్టి తెలుస్తుంది.

కథ అక్కడితో అయిపోలేదు. 2023లో సియా తాను కూడా ఆటిజం స్పెక్ట్రమ్‌లో ఉన్నానని చెప్పారు. దీంతో ఆ సినిమా మంచిదైపోదు. కానీ 'లోపలివాళ్లు తీస్తే సరిగ్గా ఉంటుంది, బయటివాళ్లు తీస్తే తప్పుగా ఉంటుంది' అనే సులువైన గీత చెరిగిపోయింది. ఆటిజం ఉన్న ఇద్దరి చెవులు ఒకలా ఉండవు. ఒకరికి హోరు ఊపిరి, ఇంకొకరికి నరకం.

ఈ తేడాను చెవితోనే చెప్పగలిగిన చిత్రం 2020 నాటి డాక్యుమెంటరీ ది రీజన్ ఐ జంప్. జపాన్‌కు చెందిన నావోకీ హిగాషిదా పదమూడేళ్ల వయసులో రాసిన పుస్తకం ఆధారంగా జెర్రీ రోత్‌వెల్ తీశారు. అక్షరాల పలక సాయంతో రాసే ఇలాంటి పద్ధతుల్లో మాట ఎవరిదన్న విషయమై శాస్త్రవేత్తలకు గట్టి అనుమానాలున్నాయి, వాటిని కొట్టిపారేయలేం. సినిమా బలం మాత్రం పుస్తకంలోని వాక్యాల మీద ఆధారపడలేదు. ఇంగ్లండ్, అమెరికా, సియెర్రా లియోన్‌తో పాటు మన నోయిడాకూ వస్తుంది కెమెరా, బొమ్మలు వేసే ఒక అమ్మాయి ఇంటికి. ఇంగ్లండ్ కుర్రాడికి వీధుల్లో ఉండే ఆకుపచ్చ కరెంటు పెట్టెలంటే ప్రాణం. వాటి నుంచి వచ్చే గుంయ్ శబ్దం అతనికి సంగీతం. ఎక్కడెక్కడున్నాయో వెతుక్కుంటూ పోతాడు. సినిమా ఆ గుంయ్‌మన్న చప్పుడును పెంచి, మిగతావన్నీ తగ్గించి, హాలు నిండా నింపుతుంది. జాలీ నవ్వూ రెండూ లేకుండా, మన వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఓ నిమిషం ఆగి వినాలనిపించేలా చేస్తుంది. శబ్ద గ్రహణంలో దర్శకుడి వైఖరి ఉంటుందని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఇప్పటిదాకా సినిమా ఆ మనుషుల్ని ఎలా చూస్తోందన్న మాట. వాళ్లు సినిమాను ఎలా చూస్తారన్నది ఇంకా ఆసక్తికరం. 2016 నాటి డాక్యుమెంటరీ లైఫ్, యానిమేటెడ్‌లో ఆటిజం ఉన్న ఓవెన్ సస్కిండ్ మూడేళ్ల వయసులో మాట మానేస్తాడు. మిగిలింది డిస్నీ కార్టూన్ సినిమాలు చూడటమే. ఒక రోజు ఏదో అర్థంలేని మాట మళ్లీ మళ్లీ అంటున్నాడని గమనిస్తే, అది ది లిటిల్ మర్మెయిడ్‌లో ఒక డైలాగు. మంత్రగత్తె కథానాయిక గొంతును అడిగే సన్నివేశంలోది: 'నీ గొంతు మాత్రమే' అని. అక్కణ్నుంచి తండ్రి ఒక బొమ్మ చేతికి తొడుక్కుని, అల్లాదీన్‌లోని చిలుక గొంతుతో మాట్లాడితే కొడుకు జవాబివ్వడం మొదలుపెడతాడు. విన్న మాటల్ని తిరిగి అనడాన్ని ఎకోలేలియా అంటారు. చాలాకాలం దాన్ని అర్థంలేని వాగుడుగా లెక్కగట్టి మాన్పించాలని చూశారు. చాలాసార్లు అది దుకాణం నుంచి కట్టిన సామాను అప్పు తెచ్చుకున్నట్టు, ఆ క్షణానికి కావాల్సిన భావాన్ని సినిమా నుంచి అరువు తెచ్చుకోవడం.

తెలుగువాళ్లకు ఇది వింతగా తోచకూడదు. కోపమొచ్చినా, సంబరమొచ్చినా, ఆఫీసులో బాసు తిట్టినా సినిమా డైలాగుతో గట్టెక్కే జాతి మనది. ఆటిజం ఉన్న పిల్లవాడు ఆకలేసినప్పుడల్లా ఒకే పాట పల్లవి పాడితే "వాడికి పాటల పిచ్చి" అని వదిలేసే ఇళ్లు చాలానే ఉంటాయి. ఆ పల్లవిని అతను మొదటిసారి విన్నప్పుడు పళ్లెంలో ఏముందో గుర్తుచేసుకుంటే బహుశా అర్థం దొరుకుతుంది.

ఇక హాలు సంగతి. సినిమా హాళ్లలో ధ్వనిని 85 డెసిబెల్స్ ప్రమాణంగా సరిచేస్తారు, ఒక్కో స్పీకర్ నుంచి శిఖర స్థాయి 105 దాకా పోవచ్చు. ఆ గీత ప్రకారం నడిపే హాలు సంగతే ఇది, మొదటి రోజు మన హాళ్లలో గీత ఎక్కడుంటుందో ఆపరేటర్‌కే తెలియాలి. 'స్పీకర్లు పగిలిపోయాయి' అనేది మన దగ్గర సంగీత దర్శకుడికి దక్కే పెద్ద పొగడ్త. దాన్ని రాసేది సమీక్షకులే. హీరో నడిచొచ్చే ప్రతి అడుగుకూ డప్పు, కత్తి తీసిన ప్రతిసారీ చెవి గుయ్యిమనే బేస్. ఈ హోరులో కూర్చోలేక ఇంటర్వెల్‌కే లేచిపోయే కుటుంబాలు ఏ కలెక్షన్ లెక్కల్లోకీ రావు. టికెట్ కొన్నారుగా!

2024 జులైలో సుప్రీంకోర్టు ఆంఖ్ మిచోలీ అనే హిందీ సినిమా కేసులో వైకల్యం ఉన్నవాళ్లను తెర మీద ఎలా చూపాలో మార్గదర్శకాలు చెప్పింది. వాళ్ల జీవితాన్ని అర్థం చేయించే హాస్యం వేరు, వాళ్లను చిన్నబుచ్చే హాస్యం వేరు అని గీత గీసింది. మా గురించి మేము లేకుండా నిర్ణయాలొద్దు అన్న సూత్రాన్ని గుర్తుచేసింది. మరుసటి ఏడాది వచ్చిన సితారే జమీన్ పర్‌లో పదిమంది న్యూరోడైవర్జెంట్ నటులే ఆయా పాత్రలు చేశారు. మెడ వాల్చి నటించే హీరో అవసరం అక్కడ పడలేదు, 'జీవించాడు' అన్న మాటకూ పని లేకుండా పోయింది. కథ మటుకు వాళ్లను చూసి మారే బాస్కెట్‌బాల్ కోచ్‌దే. తెర నిండా వాళ్లున్నా వినేది ఇంకా అతని చెవితోనే.

హాలును మార్చడం కథను మార్చడం కంటే తేలిక. అమెరికాలో ఏఎంసీ థియేటర్లు 2007 నుంచి ఆటిజం సొసైటీతో కలిసి ప్రత్యేక ఆటలు వేస్తున్నాయి. లైట్లు పూర్తిగా ఆర్పరు, సౌండ్ తగ్గిస్తారు. లేచి తిరగొచ్చు, డాన్స్ చేయొచ్చు, అరవొచ్చు, పాడొచ్చు, ఎవరూ కూర్చోమని గద్దించరు. మన బెనిఫిట్ షోకు వెళ్లినవాళ్లకు ఇందులో సగం కొత్తేమీ కాదు. సీట్ల మీద నిలబడటం, తెర ముందుకెళ్లి గంతులేయడం, హీరో కంటే ముందే డైలాగు చెప్పేయడం అక్కడ రోజూ ఉన్నదే, ఎవరూ ఏమీ అనరు. మిగిలింది లైట్లు, వాల్యూమ్.